విటమిన్ సి మాత్ర మింగితే పళ్ళకు ఏమీ కాదు, చప్పరిస్తేనే చిక్కు

ముందు మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఒకసారి చెప్తాను, ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. మీకు 34 ఏళ్ళు. కరోనా రోజుల్లో మొదలుపెట్టిన 500 మిల్లీగ్రాముల విటమిన్ సి నమిలే మాత్ర ఇప్పటికీ మానలేదు. రోజుకొకటి, జలుబు చేస్తే రెండు. ఏడాదిగా చల్లటి నీళ్ళు తాగితే ఎడమవైపు పళ్ళు జివ్వుమంటున్నాయి, ముందు పళ్ళ అంచులు గాజులా పల్చగా కనిపిస్తున్నాయి. డెంటిస్టు చూసి ఎనామెల్, అంటే పంటి గట్టి పైపొర, అరిగిందన్నారు, బ్రష్ గట్టిగా తోముతున్నారా అని అడిగారు, సెన్సిటివిటీ పేస్టు రాశారు. మాత్ర సంగతి ఆయన అడగలేదు, మీకూ చెప్పాలని తోచలేదు. ఇంట్లో వాళ్ళేమో విటమిన్ సి పళ్ళకు మంచిదే కదా అంటున్నారు. ఇది మాత్ర వల్లేనా, మానేయాలా, పోయిన ఎనామెల్ తిరిగి వస్తుందా అన్నవి మీ మూడు ప్రశ్నలు.

ఇరవై రెండేళ్ళుగా పళ్ళ డాక్టర్‌గా పనిచేస్తున్నాను, అందులో ఎక్కువ కాలం గుంటూరులోనే. నోరు చూడకుండా ఖాయంగా చెప్పడం తప్పు. అయినా మీరు రాసిన లక్షణాలు, అందులోనూ ఆ ‘ఎడమవైపు’ అన్న మాట చూస్తే మాత్ర మీదే నాకు అనుమానం. విటమిన్ సి మానక్కర్లేదు, దాన్ని నమలడం మానాలి. పోయిన ఎనామెల్ మాత్రం రాదు. ఇక్కడితో ఆపేయవచ్చు గానీ, ఎందుకో తెలియకపోతే ఇంకో నెలకి మళ్ళీ అదే మాత్ర నోట్లో వేసుకుంటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇంట్లో వాళ్ళ మాటతో మొదలుపెడదాం, ఎందుకంటే అందులో సగం నిజం. విటమిన్ సి చిగుళ్ళకు కావాలి. చిగురు పట్టుగా ఉండాలన్నా, పన్ను ఎముకలో గట్టిగా కూర్చోవాలన్నా కొల్లాజెన్ అనే పోగు కావాలి, అది సరిగా తయారవడానికి విటమిన్ సి తప్పనిసరి. అది లేక స్కర్వీ వస్తే చిగుళ్ళు ఉబ్బి, రక్తం కారి, పళ్ళు కదిలిపోతాయి. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టర్ స్కర్వీ వచ్చిన పన్నెండు మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో వైద్యం చేశాడు. నారింజ, నిమ్మపళ్ళు తిన్న ఇద్దరే చప్పున కోలుకున్నారు. ‘విటమిన్ సి పళ్ళకు మంచిది’ అనే నమ్మకం వెనక ఉన్నది ఈ చిగుళ్ళ కథే. ఎనామెల్ లెక్క వేరు. పన్ను చిగురు చీల్చుకుని బయటికి వచ్చేసరికే ఎనామెల్‌ని తయారుచేసిన కణాలు రాలిపోతాయి. ఆ తర్వాత దానికి రక్తం అందదు, నరం ఉండదు, బతికున్న కణం ఒక్కటీ ఉండదు. బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. మీరు ఎన్ని మాత్రలు మింగినా లోపలి నుంచి ఎనామెల్‌కి చేరేది సున్నా. బయటి నుంచి తగిలేది మాత్రం ఆమ్లం. విటమిన్ సి అసలు పేరు ఆస్కార్బిక్ ఆమ్లం, ఆ ‘ఆమ్లం’ అన్న మాట ఎవరికీ గుర్తుండదు.

చిన్నప్పుడు పచ్చి చింతకాయ ఉప్పు అద్దుకుని తిన్న వాళ్ళందరికీ ‘పళ్ళు పులవడం’ తెలుసు. రెండు కాయలు కొరికాక మూడోది కొరకబోతే పళ్ళు ఒప్పుకోవు, అన్నం నమిలినా అదోలా ఉంటుంది, మర్నాటికి సర్దుకుంటుంది. అప్పుడు జరిగింది ఇదే: ఎనామెల్ పైపొర కొన్ని మైక్రాన్ల మేర (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మెత్తబడింది, తర్వాత ఉమ్మిలోని కాల్షియం, ఫాస్ఫేట్ అందులో కొంత మళ్ళీ పూడ్చాయి. మెత్తబడిన పొర అక్కడే ఉన్నంత వరకు పూడ్చవచ్చు. అది పూర్తిగా కరిగిపోయినా, బ్రష్‌కో అన్నానికో రాసుకుని లేచిపోయినా ఇక పూడ్చడానికి ఏమీ మిగలదు. ఆ పొర రోజూ కాస్త కాస్తగా, ఏళ్ళ తరబడి పోతే మీ ముందు పళ్ళ అంచులు అలా తయారవుతాయి.

ఎంత పులుపు అయితే ప్రమాదం? మా చదువులో ఒక గీత గీసి చెప్తారు: నోట్లో పీహెచ్, అంటే పులుపుని కొలిచే అంకె, సుమారు 5.5 కంటే దిగితే ఎనామెల్ కరగడం మొదలవుతుంది. పీహెచ్ ఒక్క అంకె తగ్గితే ఆమ్లం పది రెట్లు పెరిగినట్టు. ఒక గ్రాము ఆస్కార్బిక్ ఆమ్లం పొడిని గ్లాసుడు నీళ్ళలో కలిపితే పీహెచ్ 3 దగ్గరికి వస్తుంది. ఆ గీత కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువ ఆమ్లం అన్నమాట. నమిలే మాత్రలో గ్లాసుడు నీళ్ళు కూడా ఉండవు. పంటి గాడిలో ముద్దలా ఇరుక్కుని, చుట్టూ ఉన్న చెంచాడు ఉమ్మిలోనే కరుగుతుంది.

ఇక్కడ మీకో సందేహం రావాలి. మనం తెలుగువాళ్ళం, పుట్టినప్పటి నుంచి పులుసు, పచ్చిపులుసు, చారు, ఆవకాయ తింటున్నాం. అలాగైతే అందరి పళ్ళూ ఎప్పుడో కరిగిపోవాలి కదా? పోకపోవడానికి కారణాలున్నాయి. పులుసు అన్నంలో కలిసి పల్చబడుతుంది, నాలుగు నమిలి మింగేస్తాం, ఆ నమలడానికే ఉమ్మి బాగా ఊరుతుంది. ఉమ్మిలో బైకార్బనేట్ ఉంటుంది, పులుపుని విరిచేది అదే. ఆఖర్న పెరుగన్నం ఉండనే ఉంది. పెరుగు పీహెచ్ 4 దగ్గర ఉంటుంది, లెక్క ప్రకారం గీత కింద ఉన్నట్టే. అయినా ఎనామెల్‌ని కరిగించదు, ఎందుకంటే అందులో కాల్షియం, ఫాస్ఫేట్ దండిగా ఉంటాయి. పంటి నుంచి కాల్షియం బయటికి రావాలంటే బయట అది తక్కువగా ఉండాలి. ఉప్పు కలిసి కలిసి ఇక కరగని నీళ్ళలో ఇంకో ఉప్పురాయి వేస్తే అది అలాగే కూర్చుంటుంది కదా, అలాంటిదే ఇది. అంటే 5.5 అన్నది రాతిమీద గీత కాదు, ఆ పుల్లటి వస్తువులో ఇంకేముందో కూడా చూడాలి. ఆస్కార్బిక్ ఆమ్లం మాత్రలో కాల్షియం ఉండదు. పైగా నమిలే మాత్రల్లో చాలావాటిలో రుచి కోసం సిట్రిక్ ఆమ్లం కూడా వేస్తారు, అది పుల్లగా ఉండడమే కాక కాల్షియాన్ని పట్టి లాగేస్తుంది కూడా.

ఇప్పుడు మీ ఎడమవైపు సంగతి. అద్దం ముందు నిలబడి మాత్ర వేసుకున్నట్టు ఒకసారి నటించండి. నాలుక దాన్ని ఎటు తోసింది? చాలామంది తమకు తెలియకుండానే ఒకే బుగ్గలో పెట్టుకుంటారు. నా దగ్గరికి వచ్చిన ఒక టీచరమ్మ గొంతు ఆరిపోతోందని క్లాసు మొదలయ్యేటప్పుడు విటమిన్ సి మాత్ర బుగ్గన పెట్టుకుని, గంట కొట్టేదాకా చప్పరించేది. రోజుకు మూడు నాలుగు క్లాసులు. కుడివైపు కింది దవడ పళ్ళ మీద చిన్న చిన్న గిన్నెల్లా గుంటలు పడ్డాయి, ఎడమవైపు పళ్ళు మాత్రం ఆమె వయసుకు తగ్గట్టే ఉన్నాయి. ఆమెకి పాత వెండిరంగు ఫిల్లింగ్ ఒకటి ఉండేది. చుట్టూ పన్ను కరిగిపోయి, ఫిల్లింగ్ మాత్రం వాగు మధ్యలో బండరాయిలా పైకి తేలింది. ఆ తేలిన ఫిల్లింగ్ చూస్తే మా వాళ్ళకి వేరే సాక్ష్యం అక్కర్లేదు, ఎందుకంటే బ్రష్ పన్నుని అలా గిన్నెలా తవ్వదు. ఇది కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. నమిలే విటమిన్ సి మాత్రలతో పళ్ళు కరిగిన కేసు ఒకటి 1983లోనే అమెరికన్ డెంటల్ అసోసియేషన్ పత్రికలో అచ్చయింది. అయినా మా ఓపీలో పేషెంటుని ఏం మాత్రలు వాడుతున్నారని అడిగితే బీపీ, షుగర్ మాత్రలే చెప్తారు. విటమిన్లు మందుల లెక్కలోకి రావు. మీ డెంటిస్టుని నేను తప్పుపట్టను, మేమూ గుచ్చి గుచ్చి అడగాలి.

బ్రష్ వల్ల అరిగితే ఎలా ఉంటుందంటారా? చిగురుకి ఆనుకుని, పంటి మెడ దగ్గర, బుగ్గవైపు కోసినట్టుగా ఉంటుంది. కుడిచేత్తో తోమేవాళ్ళకి ఎక్కువగా ఎడమవైపు వస్తుంది. మీదీ ఎడమవైపే కాబట్టి ఆయనకు బ్రష్ గుర్తొచ్చి ఉండొచ్చు. రాత్రుళ్ళు పళ్ళు కొరికేవాళ్ళకి పై పన్ను, కింది పన్ను కలిసే చోట అద్దంలా నున్నగా, చదునుగా అరుగుతుంది. ఆమ్లం వల్ల అయితే పన్ను మెరుపు పోతుంది, గాళ్ళు మాయమై నున్నబడుతుంది, కొసలు గుండ్రమవుతాయి, అంచులు పల్చబడి వెలుగు అవతలికి కనిపిస్తుంది, లోపలి పసుపురంగు డెంటీన్ బయటపడుతుంది. పిప్పిపన్ను ఇంకో దారి. అక్కడ ఆమ్లం సూక్ష్మజీవులు తీపి తిని వదిలేది, కాబట్టి పాచి పట్టిన మూలల్లో నల్లగా గుంట పడుతుంది. మాత్ర ఆమ్లానికి పాచితో పనిలేదు, శుభ్రంగా తోముకునేవాళ్ళకీ వస్తుంది. నిజానికి మరీ శుభ్రంగా తోముకునేవాళ్ళకే ఎక్కువ చూశాను, మాత్ర నమిలిన వెంటనే బ్రష్ పట్టుకుంటారు మరి.

నల్గొండ వైపు గానీ, ఉమ్మడి ప్రకాశం జిల్లా కనిగిరి వైపు గానీ పెరిగినవాళ్ళు ఒకటి గమనించండి. చిన్నప్పటి నుంచి ఉన్న తెల్ల, గోధుమ మచ్చలు నీళ్ళలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చినవి, పన్ను తయారవుతున్నప్పుడే పడినవి. వాటికీ ఈ మాత్రకీ సంబంధం లేదు.

మాత్ర తప్ప వేరే కారణం ఉండదా అంటే, ఉంటుంది. గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు తరచూ వస్తాయా? కడుపులోని ఆమ్లం మాత్ర కంటే చాలా ఘాటు, అది ఎక్కువగా పై ముందు పళ్ళ లోపలివైపుని, అంటే నాలుక తగిలే వైపుని తింటుంది. పరగడుపున నిమ్మకాయ తేనె నీళ్ళు తాగుతారా? సీసాలో అమ్మే ఉసిరి రసం? రాత్రంతా ఉమ్మి సరిగా ఊరక నోరు ఎండి ఉండే సమయం అది, సరిగ్గా అప్పుడే పులుపు పోస్తున్నాం. అలర్జీకో, డిప్రెషన్‌కో వాడే మందులు కొన్ని ఉమ్మిని తగ్గిస్తాయి. వీటిలో ఏదైనా ఉంటే మాత్రతో కలిసి రెండింతలు పని చేస్తుంది. డాక్టర్ దగ్గర ఇవన్నీ చెప్పండి.

ఇక ఏం చేయాలి. మొదట, ఈ మాత్ర అసలు ఎందుకు వేసుకుంటున్నారో ఒక నిమిషం ఆలోచించండి. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ కలిసి 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం ఆడవాళ్ళకి రోజుకు 65 మిల్లీగ్రాములు, మగవాళ్ళకి 80 సరిపోతుంది. గర్భంతో ఉన్నా, బిడ్డకు పాలిస్తున్నా ఇంకొంత. వంద గ్రాముల జామకాయలో సుమారు 200 మిల్లీగ్రాములు ఉంటుంది. మీరు తీసుకునేది 500. శరీరం దీన్ని డబ్బాలో బియ్యంలా దాచుకోదు. డోసు గ్రాము దాటితే పేగులు పట్టుకునేది సగంలోపే, ఎక్కువైంది మూత్రంలో పోతుంది. జలుబు సంగతి అంటారా, రోజూ వాడేవాళ్ళకి కూడా జలుబు రావడం ఆగదు. వచ్చిన జలుబు పెద్దవాళ్ళలో సుమారు 8 శాతం తొందరగా తగ్గుతుంది, అంటే వారం జలుబులో ఒక పూట. జలుబు మొదలయ్యాక వేసుకుంటే ఆ లాభమూ కనిపించలేదని పరిశోధనలన్నీ కలిపి చూసినవాళ్ళు తేల్చారు. ఆ పూట కోసం పళ్ళు పెట్టుబడి పెట్టాలా అన్నది మీ ఇష్టం. నేనైతే జామకాయ కొనుక్కుంటాను.

అయితే రక్తం తక్కువని ఐరన్‌తో పాటు డాక్టర్ రాసి ఉంటే మానకండి. ఐరన్ ఒంటికి పట్టడానికి విటమిన్ సి సాయం చేస్తుంది. అలాంటప్పుడు నమిలేది కాకుండా మింగే మాత్ర రాయమని అడగండి. మెడికల్ షాపులో విటమిన్ సి అంటే అలవాటుగా నారింజ రుచి నమిలేదే చేతిలో పెడతారు, కాబట్టి ‘మింగేది కావాలి’ అని నోరు తెరిచి అడగాలి. మింగే మాత్ర గానీ, క్యాప్సూల్ గానీ నీళ్ళతో గొంతు దిగిపోయాక పంటితో దానికి ఇక పని లేదు. రక్తంలో కలిసిన విటమిన్ సి ఎనామెల్‌ని ఏమీ చేయదు. కొందరు ఈ విషయంలోనే భయపడి మొత్తం మానేస్తున్నారు, అనవసరం.

నీళ్ళలో వేస్తే బుసబుస పొంగే మాత్రలు చర్మం నిగారింపు కోసమని ఇప్పుడు చాలామంది అమ్మాయిలు తాగుతున్నారు. పొంగు కోసం అందులో సిట్రిక్ ఆమ్లం, సోడా ఉప్పు కలుపుతారు. సోడా కొంత పులుపు విరిచినా, గ్లాసులో మిగిలేది పుల్లటి నీళ్ళే. దాన్ని గటగటా తాగేస్తే పెద్ద నష్టం లేదు. ల్యాప్‌టాప్ పక్కన పెట్టుకుని గంటసేపు గుక్క గుక్కగా తాగితే మాత్రం నోరు ఆ గంటా పుల్లగానే ఉంటుంది, ఎందుకంటే ఒక్కో గుక్క తర్వాత ఉమ్మి పులుపు విరవడానికి కొన్ని నిమిషాలు కావాలి. బీపీ ఉన్నవాళ్ళు వాటిలోని సోడియం సంగతి కూడా చూసుకోవాలి. సోడియం ఆస్కార్బేట్, కాల్షియం ఆస్కార్బేట్ అని పులుపు లేని రకాలూ దొరుకుతాయి. కానీ డబ్బా మీద ఆ పేరు కనిపించినంత మాత్రాన నిశ్చింత కాదు, చాలా నమిలే మాత్రల్లో కొంత ఆస్కార్బేట్, కొంత ఆస్కార్బిక్ ఆమ్లం కలిపి ఉంటుంది. వెనకవైపు చదవండి.

ఒకవేళ నమిలేదే వేసుకోవాల్సి వస్తే భోజనం మధ్యలో వేసుకుని, గబగబా నమిలి మింగి, నీళ్ళు పుక్కిలించి, పెరుగన్నంతో ముగించండి. ఐరన్ మాత్ర వాడేవాళ్ళకి మాత్రం ఈ చిట్కా వర్తించదు, పెరుగూ పాలూ ఐరన్‌కి అడ్డుపడతాయి. పడుకునే ముందు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. బ్రష్ సంగతిలో మా వాళ్ళలోనే వాదన ఉంది, పులుపు తిన్నాక అరగంట ఆగాలని పాత మాట, ఆగినా పెద్ద తేడా లేదని కొందరు. నేను చెప్పేది సులువు: మాత్రకు ముందే తోముకోండి. మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం దాటకూడదని నియమం, ట్యూబు మీద రాసి ఉంటుంది. చాలా ‘ఆయుర్వేద’ పేస్టుల్లో, పళ్ళపొడుల్లో అది అసలు ఉండదు. బొగ్గుపొడి, ఉప్పు, గరుకు పళ్ళపొడి మీకు ఇప్పుడు పూర్తిగా నిషేధం. తోమాక ఉమ్మేయండి, చెంబుడు నీళ్ళతో కడిగేయకండి, ఆ కాస్త ఫ్లోరైడ్ పంటి మీదే ఉండనివ్వండి.

పసుపుపచ్చగా అయ్యాయని నిమ్మచెక్క, వంటసోడా పెట్టి రుద్దమని వీడియోలు వస్తుంటాయి. విటమిన్ సి పొడి అద్ది తోమితే తెల్లబడతాయనే వాళ్ళూ ఉన్నారు. మొదటి వారం నిజంగానే తెల్లగా కనిపిస్తాయి, మరకతో పాటు పైపొర కూడా లేచిపోతుంది కాబట్టి. తర్వాత లోపలి డెంటీన్ పసుపు ఇంకా ఎక్కువ కనిపిస్తుంది, మళ్ళీ రుద్దుతారు. నిమ్మచెక్క పుణ్యమా అని రూట్ కెనాల్ దాకా వచ్చిన పెళ్ళికూతురు ఒకామె నా దగ్గరికి వచ్చింది, ముహూర్తానికి ఇంకా పదకొండు రోజులే ఉంది. ఆ టెన్షన్ ఆమె కంటే నాకే ఎక్కువ.

మీరు అడగకపోయినా ఇంట్లో చిన్నపిల్లలుంటే ఒక మాట. పాలపళ్ళ ఎనామెల్ పెద్ద పళ్ళ ఎనామెల్‌లో సుమారు సగం మందమే. విటమిన్ గమ్మీలని చాక్లెట్‌లా ఇస్తున్నారు, అందులో పులుపూ చక్కెరా రెండూ ఉన్నాయి, పైగా పంటికి అతుక్కుంటాయి. అటు కరగడం, ఇటు పుచ్చడం రెండు పనులూ ఒకేసారి. పిల్లాడికి జామకాయ ముక్కలు కోసివ్వండి.

వైద్యం గురించి. మీ వివరాలు చూస్తే నరం దాకా పోయినట్టు లేదు. చల్లదనం తగిలినప్పుడు జివ్వుమని, ఆ గుక్క దాటాక వెంటనే తగ్గిపోతోందంటే నరం బాగానే ఉంది. నొప్పి నిమిషాల తరబడి నిలిచినా, వేడికి వచ్చినా, రాత్రి నిద్రలేపినా ఆలస్యం చేయకండి. జివ్వుమనడానికి ఇచ్చిన పేస్టు వాడండి, కానీ నాలుగు రోజుల్లో తగ్గలేదని వదిలేయకండి, కొన్ని వారాలు పడుతుంది. క్లినిక్‌లో ఫ్లోరైడ్ వార్నిష్ అనే పూత వేస్తారు. పాల ప్రోటీన్‌తో చేసిన క్రీములు కూడా ఉన్నాయి, పాలు పడనివాళ్ళు వాటికి దూరంగా ఉండాలి. ఇవన్నీ మెత్తబడిన పొరను గట్టిపరుస్తాయి, పోయిన మందాన్ని తిరిగి కట్టవు. అంచులు విరుగుతుంటే, గుంటలు లోతైతే కాంపోజిట్ అనే పంటి రంగు ఫిల్లింగ్‌తో కట్టవచ్చు, దానికి పన్ను పెద్దగా గీకనక్కర్లేదు. నేరుగా అన్ని పళ్ళకీ క్యాపులు అని ఎవరైనా చెప్తే వెంటనే ఒప్పుకోకండి, రెండో డాక్టర్‌ని చూపించుకోండి. ఆమ్లం ఆగకముందే క్యాపులు వేసినా వాటి అంచుల దగ్గర కరగడం కొనసాగుతుంది.

ఇప్పుడే ముందు పళ్ళ ఫోటోలు, రెండు దవడల మోడల్ (అచ్చు) తీయించి పెట్టమని మీ డెంటిస్టుని అడగండి. ఆరు నెలల తర్వాత వాటితో పోల్చి చూస్తే కరగడం ఆగిందో లేదో కళ్ళకే తెలుస్తుంది. ఈసారి వెళ్ళేటప్పుడు ఆ మాత్రల డబ్బా కూడా చేతపట్టుకుని వెళ్ళండి.